డబ్బా చేతిలో ఉన్నవాడు

ఆ బ్యాండు పేరు ఇక్కడ రాయను. రాయలేక కాదు, కలానికి నత్తి లేదు. కానీ తెనాలిలో మేం నలుగురం మూడేళ్ళపాటు ఒక్కసారి కూడా ఆ పేరు పైకి అనకుండానే వాళ్ళ గురించి పోట్లాడుకున్నాం. "వాళ్ళు" అనేవాళ్ళం, అంతే. "వాళ్ళ రెండో ఆల్బం మళ్ళీ విన్నావా?" "వాళ్ళు రాకపోతే ఈ కొత్త బ్యాండ్లన్నీ ఏం వాయించేవంట?" ఇలా సాగేది. అదేదో మా ముఠా గొప్ప అనుకునేవాణ్ణి. అసలు కారణం తెలిశాక ఆ అలవాటు మార్చుకోబుద్ధి కాలేదు.

మాది రేపల్లె. నాన్న బడిపంతులు. ఆదివారం చర్చిలో ఆయన వాక్యం చదివితే వెనక బల్లల దాకా ఖంగున వినపడేది. ఆయన కొడుకునని నాకు పదకొండేళ్ళప్పుడు ఒక క్రిస్మస్‌కి నాలుగు వాక్యాలు చదవమని ఇచ్చారు. మొదటి మాటే "ప"తో మొదలైంది. నోరు తెరిచాను. పెదవులు అతుక్కుపోయాయి. ముందు బల్లలో ఉన్న పెద్దమ్మ ఒకావిడ ఆ మాట అందించింది. పక్కనున్న మావయ్య తర్వాతి మాట అందించాడు. చివరికి ఆ నాలుగు వాక్యాలూ సంఘమంతా కలిసి చదివేసింది, నేను కొత్త చొక్కాలో ఊరికే నిలబడ్డాను. పాపం, అందరూ ప్రేమతోనే చేశారు. కానీ నా మాట నా నోట్లో ఉండగానే పూర్తిచేసే పుణ్యాత్ములంటే నాకు ఆ రోజు నుంచీ ఒళ్ళుమంట.

అయినా నాకు పంతుల్ని కావాలనే ఉండేది. పిచ్చి కోరికే. కుంటివాడు పరుగుపందెం కావాలన్నట్టు. నాన్న వద్దనలేదు, అవుతావనీ అనలేదు. "ఆఫీసు ఉద్యోగం చూసుకోరా, అక్కడ రాసుకుంటే సరిపోద్ది" అనేవాడు, నా మొహంలోకి చూడకుండా. ఆ చూడకపోవడం నన్ను ఏళ్ళ తరబడి బాధపెట్టింది.

డిగ్రీకి తెనాలి వెళ్ళేవాణ్ణి, రోజూ ప్యాసింజర్లో. ఎనభైల చివరి సంవత్సరాలు. ఒకసారి మా ఇంట్లో టేపురికార్డరు పాడైతే స్టేషన్ దగ్గర మేడమెట్ల కింద ఉన్న షాపుకి పట్టుకెళ్ళాను. నడిపే ఆయన్ని ఊరంతా భాయ్ అనేది. నలభై దాటిన మనిషి, ముక్కు చివర కళ్ళజోడు, చెవి వెనక స్క్రూడ్రైవరు. జనం సినిమాపాటల జాబితా రాసిచ్చి వెళ్తే ఖాళీ క్యాసెట్లో ఎక్కించి ఇచ్చేవాడు. ఆ రోజు ఆయన షాపులో వాళ్ళు పాడుతున్నారు. గిటార్లు గరగరమంటున్నాయి, డ్రమ్ము తలుపు బాదినట్టుంది, పాడేవాడికి కోపమో ఏడుపో తెలియడం లేదు. ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ వాడి గొంతులో ఏదో అడ్డం పడినట్టు, దాన్ని తోసుకుని పాడుతున్నట్టు అనిపించింది. అది మాత్రం నాకు బాగా తెలిసిన సంగతే.

ఇదేంటని అడుగుదామనుకున్నాను. నోరు పెగల్లేదు. భాయ్ నన్ను ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా సౌండు పెంచాడు.

"శనివారం మధ్యాహ్నం రా అబ్బాయ్," అన్నాడు. "ఈ పిచ్చున్నోళ్ళు ఇంకో ఇద్దరున్నారు."

ఆ ఇద్దరిలో ఒకరిది తెనాలే గానీ చదువు బాపట్లలో. వ్యవసాయ కాలేజీ హాస్టల్లో ఉంటూ శనివారాలు ఇంటికొచ్చేది. నాకంటే రెండేళ్ళు పెద్ద, అక్కా అనేవాణ్ణి. ఆమె పక్కగది అమ్మాయికి ఓడల్లో పనిచేసే మేనమామ ఉండేవాడు. ఆయన తెచ్చే ఒరిజినల్ క్యాసెట్లు అక్క ఒక్క రోజుకి అరువు తెచ్చేది, భాయ్ మాకు కాపీలు తీసేవాడు. రెండోవాడు దుగ్గిరాలవాడు, నా క్లాసే. వాళ్ళ నాన్న పసుపు యార్డులో గుమాస్తా, వీడి చొక్కా కాలరు ఎప్పుడూ లేత పసుపే. వాడి నోరు గురించి ఏం చెప్పను! వాడు గుసగుసలాడితే ప్లాట్‌ఫారం అవతల ఉన్నవాళ్ళు తిరిగి చూసేవాళ్ళు.

మొదటి శనివారం వెళ్ళేసరికి ముగ్గురూ ఒకేసారి అరుస్తున్నారు. దుగ్గిరాలవాడు మొదటి ఆల్బం అంటాడు. "వాయించడం రాకముందు వాయించిందది! అదే అసలు సరుకు. తర్వాతవన్నీ షోకులు." అక్క రెండోదంటుంది. "ఒరేయ్, నీకు నచ్చడం వేరు, ప్రభావం వేరు. ఆ తర్వాత వచ్చినోళ్ళంతా ఎత్తుకున్నది రెండోదాంట్లో గిటారునే. కావాలంటే విను, ఇదిగో." భాయ్ ఏ ఆల్బం పక్షమూ కాదు, కానీ ఇద్దరికీ అడ్డం తగిలేవాడు. నాకు ఆ ఇద్దరికంటే ఎక్కువ చెప్పాలని ఉంది. కడుపు ఉబ్బిపోతోంది. నాకు ఒక మాట బయటికొచ్చేలోపు వాళ్ళకి పది వాక్యాలయిపోతున్నాయి. బ్యాండు పేరుతో మొదలుపెడదామని చూశాను. ఆ మొదటి అక్షరం నా శత్రువుల్లో పెద్దది. అక్కడే ఇరుక్కున్నాను. దుగ్గిరాలవాడు నేనేదో ఆవులిస్తున్నాననుకుని అరవడం సాగించాడు.

తర్వాతి వారం తెలివిగా చేశాననుకుని, చెప్పాల్సిందంతా నోటుపుస్తకం కాగితం మీద రాసి తెచ్చాను. రెండు వైపులా. దాన్ని దుగ్గిరాలవాడి చేతిలో పెట్టాను. వాడు పైనుంచి కిందికి చూశాడు, నన్ను చూశాడు, మడిచి నా జేబులోనే కుక్కాడు.

"ఇది నేను చదవను," అన్నాడు. "నీ వాదన నువ్వు చెప్పు."

నాకు తల కొట్టేసినట్టయింది. పొగరుబోతు వెధవ అనుకుంటూ ప్యాసింజరెక్కాను. వేమూరు దాటేదాకా వాణ్ణి మనసులో తిడుతూనే ఉన్నాను. మనసులో తిట్టేటప్పుడు నాకు నత్తి రాదు.

మళ్ళీ వెళ్ళకూడదనే అనుకున్నాను గానీ, పాట లాగింది. ఆ శనివారం షాపులో కొత్త రూలు పెట్టి ఉంది. బల్ల మీద ఖాళీ క్యాసెట్ డబ్బా ఒకటి. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. కింద పెట్టేదాకా, ఎంతసేపైనా, మిగతావాళ్ళు నోరెత్తకూడదు, మాట అందించకూడదు. ఎత్తితే శిక్ష. భాయ్ దగ్గర గుట్టగా పడున్న క్యాసెట్లను రంధ్రంలో పెన్సిలు పెట్టి చేత్తో వెనక్కి తిప్పాలి. "మీ గోలకి నాకు చెవులు చిల్లులు పడుతున్నయ్, అందుకని," అన్నాడు భాయ్. నేను నమ్మాను. బ్యాండుని కూడా ఎవరూ పేరుపెట్టి పిలవడం లేదని ఆ రోజే గమనించాను. "వాళ్ళు, వాళ్ళు" అంటున్నారు. నాకు "వ" తేలిక.

డబ్బా నా వంతుకొచ్చింది. ఎంతసేపు ఆగానో తెలీదు. బయట రిక్షా బెల్లు వినపడింది, మెట్ల మీద ఎవరో ఎక్కి దిగారు. ముగ్గురూ నా నోటివైపు కాకుండా బల్ల వైపు చూస్తూ కూర్చున్నారు. చివరికి ఒక వాక్యం చెప్పి డబ్బా కింద పెట్టాను. పెట్టగానే దుగ్గిరాలవాడు లాక్కుని, "తప్పు! పూర్తిగా తప్పు!" అని నా మీద ఒంటికాలి మీద లేచాడు. జీవితంలో నా మాటని ఒకడు విని, అది తప్పన్నాడు. ఎంత సంతోషం వేసిందో! అప్పటిదాకా అందరూ నా మాటని జాలిపడి ఒప్పుకున్నవాళ్ళే.

ఏడాది గడిచాక వాళ్ళ మూడో ఆల్బం వచ్చింది. అక్క ఒరిజినల్ తెచ్చింది, భాయ్ మూడు కాపీలు తీశాడు. ఇంటికెళ్ళి విని కదిలిపోయాను. నెమ్మదిగా ఉంది. గొంతు లోతుగా, బరువుగా, ప్రతి మాటకీ ముందు కాస్త ఆగి, సాగదీసి. తర్వాతి శనివారం డబ్బా అందుకుని మాట్లాడాను. ఇదే వాళ్ళ గొప్ప ఆల్బం అన్నాను. మిగతా లోకమంతా పరిగెత్తుతుంటే వీళ్ళు నడిచారన్నాను. ఆగడం చేతకానితనం కాదు, ఆగి పాడేవాడి దగ్గరే మనం చెవి ఒగ్గుతామన్నాను. రేపు వచ్చే బ్యాండ్లన్నీ దీన్నే పట్టుకుంటాయి, రాసిపెట్టుకోండన్నాను. మధ్యమధ్య ఇరుక్కున్నాను, మళ్ళీ బయటపడ్డాను. పావుగంట మాట్లాడానని భాయ్ గోడగడియారం చూసి చెప్పాడు. అక్కా భాయ్ ఒకరినొకరు ఒక చూపు చూసుకున్నారు. నా వాదనకి దెబ్బతిన్నారనుకున్నాను. దుగ్గిరాలవాడు మాత్రం డబ్బా లాక్కుని, "నత్తనడక ఆల్బం ఇది, నిద్రొస్తోంది," అని అరగంట ఉతికాడు. మరుసటి వారం నేను వాణ్ణి ఉతికాను. ఇలా చదువు అయ్యేదాకా జరిగింది.

ఆ ధైర్యంతోనే బాపట్లలో బి.ఇడి.లో చేరాను. అక్క అప్పటికి చదువు ముగించి ఉద్యోగానికి వేరే జిల్లా వెళ్ళిపోయింది. నాన్న నన్ను రైలెక్కిస్తూ కూడా నా మొహం చూడలేదు. బాపట్లలో డబ్బా లేదు, రూలు లేదు. మొదటి ప్రాక్టీసు పాఠంలో పిల్లలు నా మాటలు నాకంటే ముందు పూర్తిచేసి, కిసుక్కుమన్నారు. రెండో పాఠం అంతకంటే ఘోరం. వెనక బెంచీలో కూర్చుని మార్కులు వేసే మాస్టారు బయటికి పిలిచి, "గురువారం నీ పరీక్ష పాఠం. అదీ ఇట్టాగే ఉంటే నేనేం చెయ్యలేనయ్యా. ఆఫీసు ఉద్యోగాలున్నాయిగా," అన్నారు. మంచి మనిషే. నాన్న మాటే ఆయన నోటా వచ్చింది.

ఆదివారం పొద్దున పక్క రూములో ఎవరో టేపు పెట్టారు. వాళ్ళ గొంతే. కానీ ఏదో తేడా. డ్రమ్ము ఉరుకుతోంది, పాడేవాడు గబగబా, సన్నటి గొంతుతో, ఊపిరి పీల్చకుండా పాడుతున్నాడు. వెళ్ళి చూస్తే అది ఒరిజినల్ క్యాసెట్టు. మూడో ఆల్బం. పాటలు అవే, వరస అదే. నెమ్మది లేదు. ఆగడం లేదు. లోతు లేదు. మొదటి రెండిటికంటే ఇదే వేగం.

అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. భాయ్ దగ్గర ఒరిజినల్ పెట్టి తిప్పే మిషన్లో బెల్టు సాగిపోయి ఉండాలి. అది నీరసంగా తిరిగింది, మా కాపీలన్నీ నీరసంగా వచ్చాయి. నేను రెండేళ్ళు గొంతు చించుకుని మెచ్చుకున్నది వాళ్ళ ఆల్బాన్ని కాదు, ఒక రబ్బరు బెల్టుని. ఆగి ఆగి చెప్పినా లోకం వింటుందనే ధీమా మొత్తం దాని మీదే కట్టుకున్నాను. అరికాలి మంట నెత్తికెక్కింది. ఉన్నపళంగా తెనాలి రైలెక్కాను. భాయ్‌కి సెలవు శుక్రవారం, ఆదివారం షాపు తెరిచే ఉంటుంది.

మెట్ల కింద అడుగుపెట్టగానే, "బ... బ..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. బెల్టు అన్న మాట రాలేదు.

భాయ్ స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, నేను పూర్తిచేసేదాకా కూర్చున్నాడు.

"బెల్టు... మూడో క్యాసెట్టు..."

"ఆఁ, సాగిపోయింది," అన్నాడు తాపీగా. "కాపీలు మీకిచ్చేశాక చూసుకున్నా. అక్క ఒరిజినల్ హాస్టల్లో విన్నది కదా, నీ వాదన మొదలెట్టగానే ఆమెకీ తెలిసిపోయింది."

"మరి చెప్పలేదేంటండీ!"

"ఎట్టా చెప్తాం? డబ్బా నీ చేతిలో ఉంది."

"కింద పెట్టాక?"

"కింద పెట్టాక నీ మొహం నువ్వు చూసుకోలా. మేం చూశాం." కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. "అక్క తన రెండో ఆల్బం కోసం నీతో ఎంత కొట్లాడింది? ఆ ఒక్క ముక్క చెప్తే నిమిషంలో గెలిచేది. ఒక్కనాడన్నా అందా?"

అనలేదు. నాకు కోపం ఎటు పోయిందో తెలియలేదు.

"వాడికీ తెలుసా?" అన్నాను.

"దుగ్గిరాలోడికా? వాడికి చెప్పలా. చెప్తే నీతో వాదించడం మానేస్తాడేమోనని. ఆ రూలు పెట్టినోడు, పాపం, ఆ మాత్రం సుఖపడొద్దా?"

"రూలు మీరు కదండీ పెట్టింది!"

భాయ్ నన్ను వింతగా చూశాడు. "నేనా? నువ్వు కాగితం ఇచ్చి వెళ్ళిపోయావు చూడు, ఆ రోజు వాడు సాయంత్రం దాకా ఇక్కడే కూర్చున్నాడు. 'భాయ్, వాణ్ణి మాట్లాడనివ్వనిది నా నోరే. ముందు దీన్ని మూయించే మార్గం చూడండి,' అన్నాడు. డబ్బా వాడే తీసి పెట్టాడు. వాళ్ళ పేరు కూడా ఎవరూ ఎత్తొద్దన్నాడు, ఆ పేరు దగ్గరే నువ్వు ఆగిపోతున్నావని. తన పేరు నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఇదిగో, ఇవాళ తప్పాను."

పెన్సిలు పెట్టి క్యాసెట్లు తిప్పుతూ మూల కూర్చున్న వాడి రూపం గుర్తొచ్చింది. ఆ శిక్ష ఎక్కువసార్లు అనుభవించింది వాడే. నేను పడీపడీ నవ్వేవాణ్ణి. ఛీ, ఎంత గుడ్డివాణ్ణి!

వచ్చేటప్పుడు భాయ్ ఆ ఖాళీ డబ్బా నా చేతిలో పెట్టాడు. మూత మీద గీతలు పడి, ఒక మూల విరిగి ఉంది.

గురువారం క్లాసులోకి వెళ్ళాను. పాఠం కాలువల మీద. మొదటి మాటే "కాలువలు". అక్కడే ఆగిపోయాను. ముందు వరసలో పిల్లాడొకడు అందించబోయాడు. జేబులోంచి డబ్బా తీసి పైకి పట్టుకున్నాను. పిల్లలు దాని వైపు చూశారు. "ఇది ఎవరి చేతిలో ఉంటే..." అని ఆగాను, "వాళ్ళే మాట్లాడాలి," అన్నాను. "నేను ఎంతసేపు ఆగినా మీరు అందించకూడదు. మీకిచ్చాక మీరు ఎంతసేపు ఆగినా నేను అందించను." వాళ్ళకి ఆట దొరికినట్టయింది. ఆ తర్వాత నేను ఆగిన ప్రతిసారీ క్లాసంతా ఊపిరి బిగబట్టి కూర్చుంది. డబ్బా కోసం కొట్టుకున్నారు. అంతవరకు నోరు విప్పని పిల్ల ఒకతి అది తీసుకుని, తన ఊరి కాలువకి నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయో మొత్తం చెప్పింది. గంట కొట్టాక వెనక బెంచీ మాస్టారు డబ్బా తిప్పి తిప్పి చూసి, "ఇది ఏ పుస్తకంలో ఉందయ్యా?" అన్నారు. పాస్ చేశారు. ఆ ఆదివారం తెనాలిలో దిగి భాయ్‌కి చెప్పి, రేపల్లె వెళ్ళి నాన్నకి చెప్పాను. ఆయన నా మొహం చూశాడు. చాలాసేపు చూశాడు. నేను కాళ్ళు కడుక్కునే వంకతో పెరట్లోకి పోయాను, లేకపోతే ఇద్దరం ఏడ్చేవాళ్ళం.

మర్నాడే దుగ్గిరాల వెళ్ళాను. వాడు వాళ్ళ నాన్నతోపాటు యార్డులో కుదిరాడు. పసుపు బస్తాల మధ్య, కాటా దగ్గర, హమాలీల మీద అరుస్తున్నాడు. వాడికి తగిన ఉద్యోగమే. నన్ను చూసి, "ఏంట్రా, పంతులయ్యావంటగా! భాయ్ చెప్పాడు," అని బస్తా మీద చోటు చూపించాడు. నేను డబ్బా మా ఇద్దరి మధ్య పెట్టాను, తిరిగి ఇచ్చేద్దామని. వాడు దాన్ని చూశాడు.

థాంక్స్ చెప్పాలని దారంతా అనుకుంటూ వచ్చాను. నోరు తెరిచాను. "థ" దగ్గర ఆగిపోయింది. క్లాసులో నలభై మంది ముందు కదిలిన నాలుక వీడొక్కడి ముందు కొయ్యబారిపోయింది. కళ్ళలో నీళ్ళొచ్చాయి, మాట మాత్రం రాలేదు.

వాడు డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు. వేళ్ళు మూసి, వెనక్కి జరిగి, నోరు మూసుకుని కూర్చున్నాడు.

కాటా దగ్గర్నుంచి ఎవరో కేకేశారు. వాడు అటు చూడకుండానే ఆగమని చెయ్యెత్తాడు. నేను నా తీరికలో చెప్పాను. కాగితం సంగతి, రూలు సంగతి, పేరు సంగతి, బెల్టు సంగతి కూడా. ఆగినచోట ఆగాను. వాడు పాదాల దగ్గర రాలిన పసుపు పొడిని చెప్పుతో అటూ ఇటూ జరుపుతూ, తల ఎత్తకుండా విన్నాడు. అయిపోయాక డబ్బా కింద పెట్టాను. అయినా వాడు వెంటనే అందుకోలేదు.

"అయిందా?" అన్నాడు కాసేపటికి. వాడు అంత చిన్నగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

"అయింది."

డబ్బా తీసుకున్నాడు. చొక్కా భుజంతో మొహం తుడుచుకున్నాడు, చెంప మీద పసుపు అంటింది.

"బెల్టు సాగినా సాగకపోయినా," అన్నాడు, "మొదటి ఆల్బమే గొప్పది."

కింద పెడతాడేమోనని చూశాను. సాయంత్రం రైలు వేళ దాకా పెట్టలేదు. నేను ఒక్క మాటకీ అడ్డం రాలేదు.